అర్ధరాత్రి దాటాక ఛార్జర్‌లో ఎర్ర లైటు, ముక్కనుమ తర్వాత హైదరాబాద్ ప్రయాణం: తెలిసినవాళ్ళు చెప్పండి

కొబ్బరిదింపు (మలికిపురం దగ్గర)

అందరికీ నమస్కారమండి. రెండు నెలల క్రితం నెక్సాన్ ఈవీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, 40.5 కిలోవాట్ అవర్ బ్యాటరీది. మొదటి ఓనరు గోడకి పెట్టుకునే పెద్ద ఛార్జర్ తన అపార్ట్‌మెంట్‌లోనే ఉంచేసుకున్నాడు, నాకు వచ్చింది పవర్ ప్లగ్గుకి పెట్టుకునే చిన్న ఛార్జరే. నాకు అదే చాలు, రోజూ తోటకి, రాజోలుకి, వారానికోసారి అమలాపురానికి, అంతకుమించి తిరగను.

సమస్య ఏంటంటే, రాత్రి తొమ్మిదింటికి ప్లగ్గు పెడితే పన్నెండు, పన్నెండున్నర దాకా బాగానే ఎక్కుతుంది, ఆ తర్వాత ఎప్పుడో ఎర్ర లైటు కొట్టుకుంటూ ఆగిపోతుంది. పొద్దున్న లేచి చూస్తే 35 శాతం ఉన్నది 60 అయి ఉంటుంది అంతే. పగలు పెడితే ఏ గొడవా లేదు. మా అత్తవారి ఇల్లు నరసాపురం, అక్కడ రాత్రంతా పెట్టినా వంద అయింది, అంటే బండిదీ ఛార్జర్‌దీ తప్పు కాదనే అనుకుంటున్నాను. సర్వీసు కుర్రాడు ఫోన్‌లోనే "ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోండి సార్" అన్నాడు. మా ఊరి వైర్‌మన్ పగలు వచ్చి టెస్టర్ పెట్టి "అంతా సూపర్‌గా ఉందండి" అని టీ తాగి వెళ్ళాడు.

ఇల్లు మా నాన్నగారు 96 తుఫానుకి రెండేళ్ళ ముందు కట్టించింది. చుట్టూ ఇప్పుడు రొయ్యల చెరువులే. పన్నెండు దాటాక ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది, అది మాకు అలవాటైపోయింది కాబట్టి ఎప్పుడూ పట్టించుకోలేదు.

రెండోది, సంక్రాంతికి మా అమ్మాయి, మనవడు వస్తున్నారు, ముక్కనుమ అయ్యాక వాళ్ళని నేనే హైదరాబాద్‌లో దింపాలి. భీమవరం, గుడివాడ, విజయవాడ మీదుగా దాదాపు 430 కిలోమీటర్లు. బయట ఛార్జింగ్ ఇంతవరకు ఒక్కసారి కూడా పెట్టలేదు. మా బావమరిది అయితే "డీజిల్ బండి మాట్లాడుకో బావా, చంటిపిల్లాడితో దారిలో ఆగిపోతే పరువు పోతుంది" అని రోజూ ఫోన్. ఈ టెన్షన్‌తో పండగ సరదా కూడా పోయేలా ఉంది. కరెంటు బిల్లు కూడా బాగా పెరిగింది, అది ఇంకో కథ.

డీజిల్_మావ (తణుకు)

మీ బావమరిది తెలివైనోడండి. ఆయన నంబరు ఇవ్వండి, మా సంబంధాలు చూసే బాబాయికి ఇస్తాను.

చెరువుగట్టు (ఉండి)

ముందు మా తప్పు ఒప్పుకుంటాను, మీ ఫ్యాను నెమ్మదించడానికి కారణం మాలాంటివాళ్ళమే. రొయ్యలకి తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, పగలంటే ఎండకి నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు తిరిగి పీల్చేస్తుంది. అందుకని అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా ఏరియేటర్లు, అంటే నీళ్ళని చిలికి గాలి కలిపే మోటార్లు, అన్నీ తిప్పాల్సిందే, ఒక గంట ఆపినా పంట పైకి తేలిపోతుంది. ఒక్కో చెరువుకి నాలుగేసి, ఆరేసి. ఊరంతా ఒకేసారి ఆన్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివర ఉన్న ఇళ్ళకి 180 వోల్టులు మిగిలితే గొప్ప.

నాది టియాగో ఈవీ, 24 కిలోవాట్ అవర్. లో వోల్టేజీలో జరిగేది ఏంటంటే, ఛార్జర్ తీసుకునే ఆంపియర్లు అవే ఉంటాయి, వోల్టులు తగ్గాయి కాబట్టి ఎక్కే పవర్ తగ్గుతుంది. 230 దగ్గర 3.3 కిలోవాట్ వచ్చేది 180 దగ్గర 2.6, 2.7 వస్తుంది. టైము ఎక్కువ పడుతుంది, వైరు మాత్రం అంతే వేడెక్కుతుంది. మరీ కిందకి పడితే ఛార్జర్ తనంతట తనే ఆపేస్తుంది. మీది అదో, ఎర్త్ గొడవో, రెండూనో. ఎర్ర లైటు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టండి, ఛార్జర్‌తో వచ్చిన పుస్తకంలో ఏ లెక్కకి ఏ జబ్బో రాసి ఉంటుంది.

నేను చేసిన వెధవ పని ఒకటి చెప్తాను, మీరు చెయ్యకండి. మొదట్లో బండి షెడ్డులో ప్లగ్గు లేక, చెరువు మీద వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి పెట్టాను. ఇస్త్రీ పెట్టెకి బాగానే ఉంటుంది కదా అనుకున్నాను. ఇస్త్రీ పెట్టె పావుగంట వాడతాం, ఇది ఎనిమిది గంటలు ఆపకుండా పదిహేను ఆంప్స్ లాగుతుంది. మూడో రోజు రాత్రి మా ఇంటావిడ "ఏదో కాలిన వాసన" అని లేపింది. వెళ్ళి చూస్తే బోర్డు ప్లగ్గుకి అతుక్కుపోయి ఉంది, పిన్నులు నల్లగా అయిపోయాయి. ఆ పక్కనే వరిగడ్డి మోపులు. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇప్పుడు మెయిన్ నుంచి విడిగా లైను లాగించి నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించాను. ఛార్జింగ్ పెట్టిన అరగంటకి ప్లగ్గు ముట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంతగా ఉంటే వెంటనే ఆపెయ్యండి.

వైరింగ్_పాలకొల్లు

22 ఏళ్ళుగా ఇదే పని అండి, ఈమధ్య రెండేళ్ళుగా కార్ ఛార్జర్ల పని కూడా వస్తోంది. మీ ఊరి తమ్ముడిని తిట్టను గానీ టెస్టర్‌తో ఎర్త్ తెలియదు. టెస్టర్ ఫేజ్, అంటే కరెంటు వచ్చే వైరు, ఎక్కడుందో చెప్తుంది, అంతే. పైగా ఆయన పగలు వచ్చాడు, మీ జబ్బు రాత్రిది.

మన గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళన్నిటిలో చూసేది మూడు రకాలు. ఒకటి, మూడో పిన్ను ఉత్త అలంకారం, దాని వెనక వైరే ఉండదు. రెండు, ఎవడో తెలివైనోడు సాకెట్ వెనకాల న్యూట్రల్‌నీ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఎర్త్‌నీ చిన్న ముక్క వైరుతో కలిపేసి ఉంటాడు, అప్పుడు ఛార్జర్ మోసపోయి పచ్చ లైటు వేస్తుంది. ఇది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే బయట స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిందంటే ఫేజ్ కరెంటు తిరిగొచ్చి బండి బాడీకే వస్తుంది. తడి నేల మీద నిలబడి డోరు పట్టుకున్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. ఎవరైనా "ఒక చిన్న లూపు వేస్తే ఎర్ర లైటు పోద్దండి" అంటే ఆ మనిషిని గేటు దాకా సాగనంపండి. మూడు, ఎర్త్ గొయ్యి నిజంగానే ఉంటుంది, ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు తీసింది, కాకపోతే పైపుకి వైరు బిగించిన క్లాంపు తుప్పు పట్టి తినేసి ఉంటుంది. మీది సముద్రం గాలి తగిలే ఊరు, పైగా చెరువుల ఉప్పు నీరు, నా అనుమానం మూడోదే.

రాత్రే ఎందుకు ఆగుతుందంటే, లోడు పెరిగినప్పుడు న్యూట్రల్ వైరు మీద కూడా వోల్టేజీ లేస్తుంది. మూడు ఫేజుల మీద లోడు సమానంగా లేకపోయినా, స్తంభం మీద న్యూట్రల్ జాయింటు వదులైనా ఇంకా లేస్తుంది. ఛార్జర్ లోపల ఉన్న బుర్ర న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య తేడా చూస్తూ ఉంటుంది, అది హద్దు దాటితే "నాకిది నచ్చలేదు" అని ఆపేస్తుంది. నిజానికి అది మిమ్మల్ని కాపాడుతోంది.

మల్టీమీటరు ఒకటి కొనండి, ఐదారు వందల్లో వస్తుంది. జాగ్రత్తగా, పొడి చేతులతో, చెప్పులు వేసుకుని, ఛార్జింగ్ నడుస్తున్నప్పుడు పక్క సాకెట్‌లో మూడు కొలతలు తీయండి. ఫేజ్ న్యూట్రల్ మధ్య, ఫేజ్ ఎర్త్ మధ్య, న్యూట్రల్ ఎర్త్ మధ్య. పగలు ఒకసారి, రాత్రి ఎర్ర లైటు వచ్చే టైముకి ఒకసారి. న్యూట్రల్ ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు ఉంటే హాయి, ఐదు దాటితే ఆలోచించాలి, పది దాటితే ఎవరికైనా చూపించాలి. మీటరు ఒక్కటే చాలదు, తుప్పు పట్టిన ఎర్త్ కూడా మీటరుకి మంచి వోల్టేజీయే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు లాగదు. అందుకే మేం ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు వేసి చూస్తాం, నిండుగా వెలిగితే ఎర్త్ ఉంది, మిణుకు మిణుకుమంటే లేదు. ఈ బల్బు పని మాత్రం మీరు చెయ్యకండి, పని తెలిసినవాడిని పిలవండి.

కొబ్బరిదింపు

వైరింగ్ గారూ, మీరు చెప్పినట్టే మీటరు తెచ్చి చూశాను. పగలు మూడింటికి ఫేజ్ న్యూట్రల్ 226, న్యూట్రల్ ఎర్త్ 3. నిన్న రాత్రి అలారం పెట్టుకుని పన్నెండూ నలభైకి లేచాను, మా ఇంటావిడ దొంగలనుకుని కేకలు పెట్టింది. ఫేజ్ న్యూట్రల్ 184, ఫేజ్ ఎర్త్ 203, న్యూట్రల్ ఎర్త్ 19. రాస్తుండగానే ఎర్ర లైటు వచ్చేసింది.

వైరింగ్_పాలకొల్లు

19 అంటే ఎక్కువే. 184కి 19 కలిపితే 203, అంటే లెక్క సరిగ్గా సరిపోయింది, మీ న్యూట్రలే పైకి లేస్తోంది. ఇంట్లో పని కొంత, స్తంభం మీద పని కొంత.

ఇంట్లో పని: కొత్త ఎర్త్ గొయ్యి తీయించండి. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. మీది పైన ఇసుక నేల కదా, పొడి ఇసుకలో ఎర్త్ పట్టదు, తడి తగిలేదాకా దిగాలి. మన అదృష్టం ఏంటంటే డెల్టాలో నాలుగు మూరలు తవ్వితే తడి వచ్చేస్తుంది, ఇదే అనంతపురంలో అయితే బోరు బండి పిలవాలి. వైరు బిగించే జాయింటు మట్టిలో పూడ్చకండి, పైకి కనపడేలా చిన్న ఇటుక తొట్టి కట్టించి మూత పెట్టండి, ఏడాదికోసారి విప్పి తుడిచి గ్రీజు రాయండి. అక్కడి నుంచి ఛార్జర్ సాకెట్ దాకా ఎర్త్ వైరు విడిగా, మధ్యలో అతుకు లేకుండా రావాలి. ఫేజ్, న్యూట్రల్ 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), దానితోపాటు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి) తప్పనిసరి. రేపు 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్, అంటే గోడకి పెట్టే పెద్ద ఛార్జర్, పెట్టాలనుకుంటే అది 32 ఆంప్స్ లాగుతుంది, దానికి 6 స్క్వేర్ ఎంఎం వైరు వెయ్యాలి, దూరం ఎక్కువైతే 10. అప్పుడు మీటరు లోడు కూడా పెంచుకోవాలి. మీ లైన్లో ఈ వోల్టేజీకి వాల్ బాక్స్ వద్దనే చెప్తాను, ఇంకా గుంజుతుంది.

స్తంభం పని మీరు గానీ నేను గానీ ముట్టుకోకూడదు. లైన్‌మన్‌కి చెప్పండి, ఊరికే "వోల్టేజీ లేదు" అంటే "అందరికీ అంతే" అంటాడు, "రాత్రి పన్నెండున్నరకి న్యూట్రల్ ఎర్త్ 19 వస్తోంది, సర్వీసు వైరు జాయింటు చూడండి" అనండి, కాగితం మీద రాసి ఇవ్వండి. అంకె చెబితే మనిషి కదులుతాడు.

లెక్కలమాస్టారు (అమలాపురం)

బిల్లు కథ నేను చెప్తాను, రిటైరయ్యాక నాకు ఇదే పని. మన గృహ వినియోగం స్లాబులు: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. కారు వచ్చాక పడే యూనిట్లన్నీ మీ వాడకం పైన కూర్చుంటాయి, అంటే ఎప్పుడూ ఖరీదైన స్లాబులోనే. చాలామంది మొత్తం బిల్లుని మొత్తం యూనిట్లతో భాగించి సగటు చూసుకుని సంబరపడతారు, అది తప్పు లెక్క.

మీ ఇంటికి ముందు 240 యూనిట్లు అయ్యేవనుకుందాం. నెలకి 1000 కిలోమీటర్లు తిరిగితే, యూనిట్‌కి 7 కిలోమీటర్ల చొప్పున 143 యూనిట్లు బ్యాటరీలోకి వెళ్ళాలి. ఛార్జింగ్‌లో కొంత వేడిగా పోతుంది కాబట్టి మీటరులో 160 దాకా తిరుగుతాయి. 240 కాస్తా 400 అవుతుంది, ఆ 160 అన్నీ 8.75 మీదే, 1400 రూపాయలు. కిలోమీటరుకి రూపాయి నలభై. దీనిమీద సుంకం, సర్దుబాటు ఛార్జీలు అవీ ఇవీ ఉంటాయి. లీటరుకి 18 ఇచ్చే డీజిల్ బండికి, మన రాష్ట్రంలో డీజిల్ వందకి దగ్గరగా ఉంది కాబట్టి, ఐదున్నర. కోప్పడకండి డీజిల్ మావగారూ, లెక్క లెక్కే.

కారు ఛార్జింగ్ ఇంటి కనెక్షన్ మీద పెట్టుకోవడం తప్పేమీ కాదు, 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉన్న కనెక్షన్ మీద పెట్టుకోవచ్చని స్పష్టంగా ఉంది. మా వీధిలో ఒకాయన "కేసు రాస్తారు" అని భయపడి రాత్రి దొంగచాటుగా పెట్టుకునేవాడు పాపం.

మీకు డాబా ఉంటే సోలార్ ఆలోచించండి. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ. రోజుకి 12 యూనిట్లు సగటున వేసుకోండి, నెలకి 360. మీ ఇల్లూ కారూ చాలావరకు దాని మీద వెళ్ళిపోతాయి. పగలు పెట్టుకుంటే ఏరియేటర్ల గొడవా ఉండదు. ఒక్కటే చూడండి, కొబ్బరి చెట్ల నీడ. ఒక్క మట్ట నీడ పలక మీద అడ్డంగా పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. మట్ట ఊడి పలక మీదే పడితే సబ్సిడీ గుర్తుకొస్తుంది. మా ఇంటి పక్క చెట్టు కొట్టించనని మా తమ్ముడు పట్టు పట్టాడు, అందుకే నాకు లేదు.

మియాపూర్_టు_పాలకొల్లు

ప్రయాణం గురించి నేను చెప్తానండి, నాది కూడా అదే బండి, రెండేళ్ళలో ఈ దారిన పది పన్నెండుసార్లు తిరిగాను. మొదటిసారి నేనూ మీలాగే పర్సెంటేజీ చూస్తూ కూర్చుని రోడ్డు చూడలేదు.

ఇంట్లో వందకి ఎక్కించి బయలుదేరండి. మీ ఇంటి నుంచి విజయవాడ 150 పైచిలుకు, రెండు వరసల రోడ్డు, చించినాడ వంతెన దిగాక ఊళ్ళు, ఆకివీడు, కైకలూరు దగ్గర గేదెలు, ఎటూ 60, 70 దాటలేరు, ఆ స్పీడులో ఈవీ చాలా పొదుపు. విజయవాడలో 45, 50 శాతం మిగులుతుంది. అక్కడ 85 దాకా పెట్టుకోండి. అక్కడి నుంచి సూర్యాపేట దాదాపు 140, హైవే కాబట్టి ఎక్కువ తాగుతుంది, వంద మీద వెళ్తే ఇంకా ఎక్కువ, 85, 90లో వెళ్ళండి. సూర్యాపేటకి 30 మిగులుతుంది, మళ్ళీ 85 దాకా, ఇక నేరుగా హైదరాబాద్. రెండు స్టాపులు, మనవడికి ఎలాగూ ఆ రెండు స్టాపులు కావాలి.

80 దాటాక స్పీడు బాగా తగ్గిపోతుంది, చివరి ఇరవై పర్సెంట్‌కి పట్టే టైములో కింద నలభై ఎక్కించుకోవచ్చు. వంద దాకా బయట కూర్చోకండి, వెనకాల ఉన్నవాళ్ళు తిట్టుకుంటారు. ఇంట్లో మాత్రం అప్పుడప్పుడు వంద చెయ్యండి, మన బండిలో ఉన్నది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ, నిండా ఎక్కిస్తేనే దానికి తన లెక్క సరిగ్గా తెలుస్తుంది.

ఛార్జర్ మీద 60 కిలోవాట్ అని రాసి ఉన్నా రెండు గన్నులు (బండికి తగిలించే ప్లగ్గులు) ఉంటే, పక్కన ఇంకో బండి వచ్చిందంటే చాలాచోట్ల చెరి సగం అయిపోతుంది. ఖాళీగా ఉన్న మెషిన్ చూసుకోండి. గన్ను సీసీఎస్ 2 అని ఉండాలి, మన బండికి పట్టే ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్గు రకం అదే.

యాప్‌లు ఇప్పుడే ఇంట్లో కూర్చుని వేసుకోండి, టాటా పవర్, జియో బీపీ, స్టాటిక్, ఛార్జ్‌జోన్, జియాన్, మీ దారిలో ఏవి ఉంటే అవి. ఒక్కోదాంట్లో ఓ రెండు మూడు వందలు వేసి ఉంచండి. ఎండలో నిలబడి ఓటీపీ రాక, సిగ్నల్ లేక, మనవడు ఏడుస్తుంటే యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడం, అదీ నరకం అంటే. ప్లగ్‌షేర్ అనే యాప్‌లో ఆ స్టేషన్‌లో ఆఖరుగా ఎవరు ఎప్పుడు పెట్టారో రాస్తారు, నిన్నో మొన్నో ఎవరైనా పెట్టినట్టు ఉంటేనే నమ్మండి. మ్యాప్‌లో చుక్క ఉంది కదా అని వెళ్ళకండి. నేనొకసారి అలా వెళ్తే మెషిన్ ఉంది, కరెంటూ ఉంది, గన్ను ముందు పెట్రోలు కారు అడ్డంగా పెట్టి డ్రైవరు పెళ్ళి భోజనానికి వెళ్ళాడు. ముప్పావుగంట. అందుకే ఎప్పుడూ 25 ఉండగానే ఆగండి, ఇది పని చెయ్యకపోతే తర్వాతదాకా వెళ్ళేలా. బంకుల్లో ఉన్నవి రాత్రి కొన్ని ఆపేస్తారు, ముందు ఫోన్ చేసి అడగండి.

రేటు యూనిట్‌కి 18 నుంచి 25 దాకా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో చూసుకోండి. ఇంట్లో ధరకి రెట్టింపు పైనే, అయినా డీజిల్ కంటే తక్కువే.

పండగ రద్దీ మాత్రం నిజం. ముక్కనుమ మర్నాడు గోదావరి జిల్లాలు మొత్తం హైదరాబాద్ వైపే వెళ్తాయి, పంతంగి టోల్ దగ్గర జాతరే. ఆ ట్రాఫిక్‌లో ఈవీకి భయం లేదు, ఆగి ఉంటే ఏసీకి గంటకి ఒక యూనిట్ పోతుందేమో అంతే. భయం ఛార్జర్ దగ్గర క్యూతోనే. వీలైతే కనుమ రోజే బయలుదేరండి, రోడ్లు ఖాళీ.

కొబ్బరిదింపు

కనుమ రోజు కాకి కూడా కదలదు అంటారు కదండీ, మా అమ్మ ఉండగా ఆ మాట ఇంట్లో ఎత్తడానికి కూడా లేదు.

డీజిల్_మావ (తణుకు)

సరే లెక్కలన్నీ ఒప్పుకున్నాను. తుఫాను వచ్చి నాలుగు రోజులు కరెంటు లేకపోతే? నా బండికి డబ్బాలో పాతిక లీటర్లు పోసి అటక మీద పెట్టుకుంటాను. మీరు ఏం పెట్టుకుంటారు అటక మీద?

అంతర్వేది_రేవు

మావగారూ, అటక మీద పాతిక లీటర్ల డీజిల్ పెట్టుకుని మమ్మల్ని ప్లగ్గు కాలుతుందని భయపెడుతున్నారా.

మాకు 2025 అక్టోబరులో మొంథా అనుభవం ఉంది. తుఫాను వస్తుందని నాలుగు రోజుల ముందు నుంచీ చెప్తూనే ఉంటారు, ఆ సాయంత్రానికి బండి వంద చేసి పెట్టుకున్నాను. వాన, ఉరుములు మొదలవగానే ఛార్జర్ పీకేసి లోపల పెట్టాను, పిడుగు టైములో తగిలించి ఉంచితే ఛార్జరే పోతుంది. కరెంటు పోయాక నా బండి మాకు ఇన్వర్టర్ అయింది. 2023లో వచ్చిన కొత్త రూపం నెక్సాన్‌లో వీ టూ ఎల్ అని ఉంది, బండి ఛార్జింగ్ పోర్టుకి అడాప్టర్ పెడితే బయటికి 230 వోల్టులు ఇస్తుంది, 3 కిలోవాట్ల పైన. ఫ్రిజ్, నాలుగు లైట్లు, రాత్రి రెండు ఫ్యాన్లు, వీధిలో వాళ్ళ ఫోన్లన్నీ. రోజుకి పది శాతం కంటే ఎక్కువ దిగలేదు. నీళ్ళ మోటారు మాత్రం వెయ్యలేదు, స్టార్టింగ్‌లో ఎక్కువ లాగుతుంది కదా అని ధైర్యం చాలలేదు. ఆ కరెంటుని ఇంటి వైరింగ్‌లోకి కలపకండి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది, ఎక్స్‌టెన్షన్ లాగి సామానుకి నేరుగా ఇవ్వాలి.

ఇంకోటి, లంక ఊళ్ళవాళ్ళు, ఏటిగట్టు లోపల ఉన్నవాళ్ళు సాకెట్‌ని ఛాతీ ఎత్తులో పెట్టించుకోండి. ఛార్జర్ డబ్బాని నేల మీద వదిలెయ్యకండి. వరద వస్తుందంటే బండిని ముందే గట్టెక్కించడమే, పడవ మాట్లాడుకున్నట్టు.

కొబ్బరిదింపు

పండగయ్యాక రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించాలి. ముందు ఇంటి సంగతి. పాలకొల్లు నుంచి వైరింగ్ గారు చెప్పిన మనిషే వచ్చాడు, పెరట్లో పాత ఎర్త్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, మా అమ్మ "తులసికోట వెనకాల ఉండాలిరా, మీ నాన్న అక్కడే ఉప్పు బస్తా పోయించారు" అంటే తవ్వాం. పైపు ఉంది. క్లాంపు ఉండాల్సిన చోట ఎర్రటి పొడి, వైరు పక్కన విడిగా పడి ఉంది. బల్బు వేసి చూపించాడు, అగరుబత్తి నిప్పంత వెలిగింది. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో అందరం ఆ గీజరు, ఆ వాషింగ్ మెషిన్ ముట్టుకుంటూ బతికేశాం.

కొత్త గొయ్యి ఇంటి దక్షిణం వైపు తీశాం, నాలుగడుగులకే తడి. లైన్‌మన్‌కి అంకెలతో సహా కాగితం ఇచ్చాను, రెండు రోజులు రాలేదు, మూడో రోజు వచ్చి స్తంభం ఎక్కి చూస్తే మా సర్వీసు వైరు న్యూట్రల్ చుట్టు వదులైపోయి నల్లగా ఉందట, కోసి కొత్తగా బిగించాడు. ఇప్పుడు రాత్రి ఒంటిగంటకి ఫేజ్ న్యూట్రల్ 198, న్యూట్రల్ ఎర్త్ 4. ఏరియేటర్లు ఉన్నంతకాలం 230 రాదు, అది ఒప్పుకున్నాను. పచ్చ లైటు మాత్రం తెల్లారేదాకా ఉంటోంది.

ప్రయాణం. ముక్కనుమ మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరాం. విజయవాడకి 47 మిగిలింది, మియాపూర్ గారూ మీ లెక్క అక్షరాలా నిజం. అక్కడ ఖాళీగానే దొరికింది, మనవడికి ఇడ్లీ తినిపించేసరికి 85. సూర్యాపేట ముందు మొదట అనుకున్న చోట మా ముందు మూడు బండ్లు, అందులో ఒకాయన 92 దగ్గర కూడా తియ్యడం లేదు, అడిగితే "వంద అవ్వాలండి" అంటాడు. ఇంకా 34 ఉంది కదా అని పన్నెండు కిలోమీటర్లు ముందుకు వెళ్ళి ఇంకో బంకులో పెట్టాను, అక్కడ కూడా ముప్పావుగంట ఆగాక మా వంతు వచ్చింది. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. దారి ఖర్చు 870. మా బావమరిది డీజిల్ బండిలో మాకంటే గంట వెనకాల బయలుదేరి అరగంట ముందు చేరాడు, పంతంగి దగ్గర ఆయనా అక్కడే ఉన్నాడు, మేమూ అక్కడే ఉన్నాం. ఖర్చు అడిగితే మాట మార్చాడు.

వచ్చేటప్పుడు ఒక్కడినే, సోమవారం, ఎక్కడా క్యూ లేదు.

వైరింగ్_పాలకొల్లు

ఆ పాత క్లాంపు ఉంటే ఫొటో పెట్టండి, నా దగ్గరికి వచ్చేవాళ్ళకి చూపిస్తాను. వేసవిలో ఎర్త్ గొయ్యిలో వారానికో రెండు బిందెల నీళ్ళు పోయడం మర్చిపోకండి.

కొబ్బరిదింపు

నీళ్ళ సంగతి మా అమ్మ చూసుకుంటోందండి, రోజూ తులసికి పోసి మిగిలిన చెంబు అందులో పోస్తోంది. క్లాంపు ఫొటో తీద్దామని పట్టుకుంటే చేతిలోనే రాలిపోయింది.